ఫ్రీలాన్స్ టెస్టర్‌ను హెచ్చరించకుండా తొలగించవచ్చా?

బెంగళూరులో ఒక కంపెనీకి నేరుగా ఫ్రీలాన్స్‌గా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవారికి ముందస్తు హెచ్చరిక దక్కుతుందా లేదా అన్నది ప్రధానంగా వారు సంతకం చేసిన ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఉద్యోగికి ఇచ్చే షోకాజ్ నోటీసు, అంతర్గత విచారణ వంటివి ఫ్రీలాన్సర్‌కు వాటంతట అవే వర్తించవు. కంపెనీకీ ఫ్రీలాన్సర్‌కూ మధ్య ఉన్నది యజమాని–ఉద్యోగి సంబంధం కాదు, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కిందకు వచ్చే సేవా ఒప్పందం. అసలు ఉద్యోగుల విషయంలో వాడే 'క్రమశిక్షణ చర్య' అనే మాటే ఇక్కడ అంతగా అతకదు.

ఉదాహరణకు, మారతహళ్లిలోని ఒక టెస్టర్ ఒప్పందంలో "లోపాన్ని రాతపూర్వకంగా తెలిపి, సరిదిద్దుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి" అని ఉందనుకుందాం. బగ్‌ను (సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని) మళ్లీ రప్పించే దశలు గానీ, స్క్రీన్‌షాట్ గానీ లేని రిపోర్టులు రెండు వచ్చాయన్న కారణంతో కంపెనీ మర్నాడే జిరా (బగ్‌లను నమోదు చేసే సాఫ్ట్‌వేర్) లాగిన్ ఆపేసి ఒప్పందం ముగిసిందంటే, అది ఒప్పంద ఉల్లంఘన అవుతుంది; దానివల్ల కలిగిన నష్టానికి పరిహారం కోరవచ్చు. ఆ షరతు లేకపోతే హెచ్చరిక కోసం పట్టుబట్టడం కష్టమే గానీ, అప్పటికే అప్పగించగా కంపెనీ స్వీకరించిన పనికి మాత్రం డబ్బు చెల్లించాల్సిందే.

మూడు హెచ్చరికలు ఇచ్చాకే తొలగించాలన్న నియమం ఉందని చాలామంది అనుకుంటారు. అది కొన్ని కంపెనీల హెచ్‌ఆర్ విధానాల్లో కనిపించే పద్ధతే తప్ప చట్టం విధించిన లెక్క కాదు.