లైటు గురించి రాయబోతున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన స్టూడియో లైటింగ్ వ్యాసం శ్రద్ధగా చదివాను. ఈ విషయం మీద తెలుగులో ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ. నువ్వు రాయాలని నాకు గట్టిగా ఉంది, అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. నీ వాక్యం తేటగా ఉంది. కానీ వ్యాసంలో సగానికి పైగా సామాన్ల జాబితానే: ఎన్ని వాట్ల స్ట్రోబ్ (స్టూడియో ఫ్లాష్), ఏ సైజు సాఫ్ట్‌బాక్స్ (వెలుగు మెత్తబడేలా లైటు ముందు తెల్ల గుడ్డ ఉండే పెట్టె), ఏ ట్రిగ్గర్ (కెమెరా నుంచి ఫ్లాష్‌ని వెలిగించే పరికరం), కోఠిలో ఏది దొరుకుతుంది. పత్తర్‌గట్టిలో ఒక షాపు కోసం ముత్యాల దండలు ఫొటో తీసిన సంగతి మాత్రం చివరి పేజీలో రెండు లైన్లలో తేల్చేశావు. నాకు ఇంకా చదవాలనిపించింది ఆ రెండు లైన్ల గురించే.

లైటింగ్ ప్లాన్ మొదలయ్యేది వస్తువు దగ్గర. చూసేవాళ్లకి ఇందులో ఏం కనపడాలి, ఏం కనపడకూడదు అన్నది ముందు తేల్చుకోవాలి. లైటు ఆ తర్వాత. నీ వ్యాసం కూడా అదే వరసలో నడిస్తే, చదివినవాళ్ల చేతిలో ఉన్నది ఖరీదైన స్ట్రోబ్ అయినా, మామూలు ఎల్‌ఈడీ బల్బు అయినా పనికొస్తుంది.

ముత్యం సంగతే చూడు. ఒళ్లంతా వంపు, పైగా నునుపు. ఎదురుగా ఏముంటే అది అందులో ప్రతిబింబిస్తుంది: సాఫ్ట్‌బాక్స్, కిటికీ, గోడ మీది ట్యూబ్‌లైటు, కెమెరా, కెమెరా వెనక నిలబడ్డ మనిషి. సాఫ్ట్‌బాక్స్‌ని నేరుగా పెట్టావంటే దండలో ప్రతి ముత్యం మీదా ఓ చదరపు తెల్ల మచ్చ పడుతుంది. అది చూడగానే ప్లాస్టిక్ పూస అనిపిస్తుంది. మంచి ముత్యం మీద మెరుపు ఒకచోట గట్టిగా ఉండి, అక్కణ్నుంచి మెల్లగా తగ్గుతూ ముత్యం రంగులో కలిసిపోవాలి. కొనేవాళ్లు చూసేది ఆ తగ్గుదలనే. దాన్ని తెప్పించడానికి దండకి దగ్గరగా, కాస్త వంచి, ఒక పెద్ద ట్రేసింగ్ పేపర్ కట్టు. లైటు ఆ పేపర్ వెనక ఉండాలి. లైటుని పేపర్ దగ్గరికి జరిపితే పేపర్ మధ్యలో వెలుగు ఎక్కువై, అంచులకి పోయేకొద్దీ తగ్గుతుంది. ముత్యంలో కూడా అదే కనపడుతుంది. లైటుని వెనక్కి లాగితే పేపర్ అంతా ఒకే రకంగా వెలుగుతుంది, మెరుపు పెద్దదై చప్పబడిపోతుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలో కెమెరాలోంచి చూస్తూ జరుపుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పకుండా రాయి: వేడెక్కే హాలోజన్ లైటు వాడేవాళ్లు పేపర్‌ని దానికి ఆనించకూడదు, అంటుకుంటుంది.

చాలామంది చేసే పని, నాలుగు వైపులా తెల్ల గుడ్డతో డబ్బాలా కట్టి మధ్యలో ముత్యాలు పెట్టడం. నీడలు పోతాయి, నిజమే. వాటితోపాటు ముత్యం గుండ్రదనం కూడా పోతుంది. చుట్టూ తెలుపే ఉంటే ముత్యం సుద్దబిళ్లలా కనపడుతుంది. అప్పుడు నల్ల చార్టు నుంచి రెండు వేళ్ల వెడల్పు పట్టీ కత్తిరించి దండకి ఒక పక్కన నిలబెట్టి చూడు. ప్రతి ముత్యానికీ ఒక అంచు ఏర్పడుతుంది. ఆ పట్టీని ఒక అంగుళం జరిపితే అంచు ఎలా మారిందో నీ వ్యాసంలో రాయి. అలాంటి వాక్యం అనుభవం ఉన్నవాళ్లే రాయగలరు. ఇంకోటి, కెమెరా నల్లటి ప్రతిబింబం ముత్యం మధ్యలో చుక్కలా పడుతుంది. 100 ఎంఎం మాక్రో లాంటి లెన్సుతో కొంచెం దూరం నుంచి తీస్తే ఆ చుక్క చిన్నదవుతుంది.

బిద్రీ సామానుది పూర్తిగా వేరే స్వభావం. జింకు, రాగి కలిపిన లోహంలో వెండి పొదిగి, చివర్లో ఆ లోహాన్ని నల్లగా మారుస్తారు. నలుపు నల్లగా ఉండిపోవాలి, వెండి గీత మాత్రం వెలగాలి. లైటు సూటిగా కొడితే నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది, వెండి అక్కడక్కడా మండిపోయి మిగతాచోట్ల నల్లగా ఉంటుంది. ఎందుకంటే వెండి తనంతట తాను వెలగదు. కెమెరా వైపు నుంచి చూస్తే అందులో ఏది ప్రతిబింబిస్తుందో ఆ రంగే దానిది. అందుకని వెండికి తెల్లటిది ఏదైనా చూపించాలి, థర్మాకోల్ షీటు చాలు. ఎక్కడ పెట్టాలో తెలియకపోతే చిన్న అద్దం తీసుకుని పళ్లెం మీద బోర్లా కాకుండా పైకి పెట్టి, కెమెరా ఉన్నచోటు నుంచి అందులోకి చూడు. అద్దంలో గదిలో ఏ భాగం కనపడుతుందో షీటు పెట్టాల్సింది సరిగ్గా అక్కడే. కాంతి పడిన కోణంలోనే తిరిగి వస్తుందని బళ్లో చదువుకున్న సూత్రం ఇదే. స్టీలు పళ్లెం, మొబైల్ ఫోను, పుస్తకం అట్ట, మెరిసే చదునైనవి అన్నిటికీ ఈ అద్దం పనిచేస్తుంది. పుస్తకం అట్ట మీద మెరుపు వద్దనుకుంటే అద్దంలో కనపడిన చోటు నుంచి తెల్లటివన్నీ తీసేయాలి, అంతే.

చీరల గురించి నువ్వు రాసింది సరిపోతుంది. జరీ నేత కనపడాలంటే లైటు పక్క నుంచి, బట్టని రాసుకుంటూ పోయేంత వాలుగా రావాలి అన్న మాట చేర్చు. రంగు తేడా వచ్చిందని కొన్నవాళ్లు వెనక్కి పంపకుండా ఉండాలంటే మొదటి ఫ్రేములో గ్రే కార్డు (రంగు, వెలుగు సరిచూసుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట) పెట్టి తీయమని చెప్పు. గదిలో ట్యూబ్‌లైట్లు ఆపేయమని కూడా.

ఇక మనిషి. పోర్ట్రెయిట్ భాగంలో నువ్వు రెంబ్రాంట్, లూప్, బటర్‌ఫ్లై, స్ప్లిట్ అని లైటు పెట్టే పద్ధతుల పేర్లన్నీ ఇచ్చావు. చదివేవాళ్లకి పేర్లు గుర్తుంటాయి, ముఖం మీద ఏం జరుగుతుందో గుర్తుండదు. ఒక్క లైటు తీసుకో. మనిషికి ఓ పక్కగా, తల కంటే ఎత్తులో పెట్టు. ముక్కు నీడ ఎటు పడిందో చూడు. లైటు పక్కకి జరిగేకొద్దీ ఆ నీడ చెంప మీదికి సాగుతుంది. చెంప నీడతో కలిసినప్పుడు, అవతలి కంటి కింద త్రికోణం ఆకారంలో చిన్న వెలుగు మిగులుతుంది. దానికే 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరు పెట్టారు. లైటుని ఎదురుగా, పైకి తెస్తే నీడ ముక్కు కిందకి వచ్చి సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకుంటుంది. ముక్కు నీడని వెంబడిస్తూ రాస్తే నాలుగు పేర్లూ ఒకే పేరాలో ఇమిడిపోతాయి, చదివినవాళ్లు ఆ రాత్రే ఇంట్లో టేబుల్ లైటుతో చేసి చూసుకోగలరు. ఎత్తు సంగతి మర్చిపోకు. లైటు మరీ పైకి వెళితే కళ్లు గుంటల్లోకి పోతాయి, కంట్లో మెరుపు ఉండదు. కంట్లో లైటు కనపడేదాకా దించాలి.

కళ్లజోడు ఉన్నవాళ్లకి లైటుని మరికాస్త పైకీ పక్కకీ జరపాలి. అయినా అద్దాల్లో మెరుపు పోకపోతే చెవుల దగ్గర కాడల్ని కొద్దిగా పైకి లేపమను. అద్దాలు కిందికి వాలి, మెరుపు కెమెరా వైపు రాకుండా పోతుంది.

దూరం గురించి నీ వ్యాసంలో ‘లైటుని తగినంత దూరంలో ఉంచాలి’ అని ఉంది. వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అన్నట్టు ఉంది ఆ మాట. తెలిసినవాళ్లకి అక్కర్లేదు, తెలియనివాళ్లకి పనికిరాదు. అంకెలు ఇవ్వు. మనలో చాలామంది స్టూడియో అంటే అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఒక ఫ్లాటులో చిన్న గది. గోడకి ముందు 6 అడుగుల దూరంలో మనిషిని కూర్చోబెట్టావనుకో. లైటు మనిషికి 3 అడుగుల్లో ఉంటే గోడకి దాదాపు 9 అడుగుల్లో ఉన్నట్టు. దూరం మూడింతలైంది కాబట్టి గోడ మీద పడే వెలుగు తొమ్మిదో వంతు, అంటే మూడు స్టాపుల కంటే కాస్త ఎక్కువే తక్కువ (వెలుగు సగానికి తగ్గితే ఒక స్టాపు తగ్గినట్టు). తెల్ల గోడ ముదురు బూడిద రంగుకి దిగుతుంది. అదే లైటుని 6 అడుగులకి లాగితే గోడకి 12 అడుగులు, వెలుగు నాలుగో వంతు, రెండు స్టాపులే తేడా. బ్యాక్‌డ్రాప్ మార్చకుండా, లైటు జరిపి గోడ రంగు మార్చావు. చిన్న గదిలో పనిచేసేవాళ్లకి ఇంతకంటే విలువైన విషయం లేదని నా నమ్మకం. దీన్ని నువ్వు ఒక బ్రాకెట్‌లో పెట్టి వదిలేశావు. ఒక పూర్తి పేజీ ఇవ్వు.

దంపతుల ఫొటో ఉదాహరణ కూడా అక్కడే వేయొచ్చు. లైటు ఒకరికి 3 అడుగుల్లో, ఇంకొకరికి 5 అడుగుల్లో ఉంటే రెండోవాళ్ల ముఖం ఒకటిన్నర స్టాపు చీకట్లో ఉంటుంది. లైటుని వెనక్కి తీసి 8, 10 అడుగులు చేస్తే తేడా స్టాపులో మూడింట రెండు వంతులకి దిగుతుంది. అయితే వెనక్కి తీస్తే అదే సాఫ్ట్‌బాక్స్ మనిషికి చిన్నదై కనపడుతుంది, నీడల అంచులు గట్టిపడతాయి. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. ఏది వదులుకున్నావో, ఎందుకో చెప్పడమే ప్లాన్ రాయడమంటే.

ఫ్లాటు గదులకి ఇంకో కష్టం ఉంది. తెల్ల గోడలు, తక్కువ ఎత్తు సీలింగు. వేసిన లైటు అన్నివైపులా తగిలి తిరిగొచ్చి, నువ్వు కష్టపడి తెచ్చుకున్న నీడని నింపేస్తుంది. ముఖానికి నీడ వైపున, ఒకటి రెండు అడుగుల్లో నల్ల గుడ్డ వేలాడదీయాలి. నీ వ్యాసంలో రిఫ్లెక్టర్లకి ఇచ్చినంత చోటు నల్ల గుడ్డకి కూడా ఇవ్వు. షూట్ మొదలుపెట్టే ముందు స్ట్రోబ్‌లు ఆపి, అదే సెట్టింగుల్లో, అంటే ఐఎస్ఓ 100, షట్టర్ 1/160, ఎఫ్8 అనుకో, ఒక ఫ్రేము తీయమని రాయి. ఆ ఫ్రేము నల్లగా వస్తే గది వెలుగు ఫొటోలో కలవడం లేదని అర్థం. షట్టర్ ఇంకా పెంచితే, చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దాటాక, ఫ్రేములో ఒక పక్క నల్ల పట్టీ వస్తుంది. కొత్తవాళ్లు అది కెమెరా చెడిపోవడమేమో అని టెన్షన్ పడతారు, కాబట్టి ఆ ఒక్క వాక్యం వాళ్లకి మేలు చేస్తుంది.

ఒక విషయంలో మాత్రం నిన్ను గట్టిగా అడుగుతున్నాను. ‘చామనఛాయ ఉన్నవారికి ఒక స్టాపు ఎక్కువ ఇవ్వాలి’ అని రాశావు. ఆ వాక్యం తీసేయి. మనిషి మీద నుంచి తిరిగొచ్చే వెలుగుని కొలిచే కెమెరా మీటరు ముదురు రంగు చర్మాన్ని చూసి చీకటి అనుకుని, అవసరం కంటే ఎక్కువే ఇస్తుంది. దానిమీద ఇంకో స్టాపు చేరిస్తే ఆ మనిషి రంగే మారిపోతుంది. ముఖం దగ్గర గ్రే కార్డు పెట్టో, పడే వెలుగుని కొలిచే మీటరుతోనో చూసుకుంటే సరిపోతుంది. ముదురు చర్మానికి రూపం తెచ్చేది దాని మీది నిగారింపు. పెద్ద లైటుని పక్కగా, కాస్త వెనకగా పెడితే దవడ ఎముక, నుదురు, ముక్కు దూలం మీద ఆ మెరుపు గీతలా సాగుతుంది. మన మనుషుల్ని మన రంగులోనే అందంగా చూపించడం వచ్చినవాళ్లే పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్లని నేను అనుకుంటాను. నీ వ్యాసం చదివి నేర్చుకునే పిల్లలు ఈ విషయంలో తప్పుదారి పట్టకూడదు.

చూసి నేర్చుకోవడానికి మన ఊళ్లోనే గొప్ప వారసత్వం ఉంది. రాజా దీన్ దయాళ్ (1844–1905) ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో నడిపించాడు. ఆ కాలపు స్టూడియోలు ప్రధానంగా పగటి వెలుగు మీదే ఆధారపడేవి. గాజు పైకప్పు, పెద్ద కిటికీలు, వాటికి తెరలు. తెర ఎంత లాగాలి, ఏ పక్కది మూయాలి అన్నదే వాళ్ల లైటింగ్ ప్లాన్. ఆయన పోర్ట్రెయిట్లు ఎక్కడ కనపడినా ముక్కు నీడ, కంట్లో మెరుపు, మెడ మీద ముత్యాల మెరుపు చూసి, కిటికీ ఎటువైపు ఉండి ఉంటుందో ఒక కాగితం మీద గీసుకో. నోటుపుస్తకం నిండే కొద్దీ నీ వాక్యాల్లో ధైర్యం వస్తుంది.

గీసుకోవడం అన్నాను కాబట్టి, వ్యాసంలో వేసే బొమ్మల గురించి. పైనుంచి చూసినట్టు గీసిన బొమ్మ ఒక్కటే పెట్టావు. అందులో ఎత్తు తెలియదు. పక్క నుంచి చూసిన బొమ్మ కూడా గీయి. లైటు నేల నుంచి ఎన్ని అడుగులు, కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి ఎన్ని అడుగులు, రెండూ రాయి. ప్రతి బొమ్మ పక్కన ఆ లైటు ఒక్కటే వెలిగించి తీసిన ఫొటో పెట్టు. తర్వాత నీడల్ని కాస్త తేలిక చేసే ఫిల్ లైటు, ఆ తర్వాత వెనక నుంచి జుట్టు మీద పడే లైటు, ఒక్కొక్కటీ విడిగా వెలిగించి తీసినవి, చివరికి అన్నీ కలిపి తీసినది. ఏ లైటు ఏం చేస్తోందో చెప్పలేకపోతే దాన్ని ఆపేసి చూడమని పాఠకులకి చెప్పు. ఫొటోలో తేడా కనపడకపోతే ఆ స్టాండు మడిచి పక్కన పెట్టేయొచ్చు.

సామాన్ల జాబితా మొత్తం చివరికి పంపించి, అరపేజీకి కుదించు. మొదటి పేజీ ముత్యాలతో మొదలవ్వాలి. ఆ షాపు ఆయన ఏం అడిగాడు, మొదట తీసిన ఫొటో చూసి ఏమన్నాడు, నువ్వు ఏం జరిపావు, ఎన్ని అంగుళాలు జరిపావు, అన్నీ రాయి. దండలు ఇంకా వాళ్ల దగ్గరే ఉంటే అడిగి తెచ్చుకుని, నల్ల పట్టీ పెట్టినదీ పెట్టనిదీ రెండు ఫొటోలు తీసి కొత్త ప్రతితో పాటు పంపు. వచ్చే నెల మొదటి వారం నేను ఊళ్లోనే ఉంటాను, చదివి వెంటనే జవాబు రాస్తాను.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు
హైదరాబాద్