ఎలా తెలిసిందో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నువ్వు పంపిన వ్యాసం చదివాను. గురుడు, శని గ్రహాల చుట్టూ తిరిగే ఉపగ్రహాల గురించి, అక్కడికి వెళ్ళిన నౌకల గురించి తెలుగులో రాయాలని పూనుకున్నావు. చాలా సంతోషం. వాక్యాలు చిన్నవిగా, తేటగా ఉన్నాయి. పేరాకో ఆశ్చర్యార్థకం పెట్టే అలవాటు నీకు లేదు, అదీ బాగుంది. నీ చేతిలో మంచి పట్టు ఉంది కాబట్టే దాచుకోకుండా చెప్తున్నాను.

‘శాస్త్రవేత్తలు కనుగొన్నారు’ అనే మాట నీ వ్యాసంలో దాదాపు ప్రతి పేరాలోనూ ఉంది. శని ఉపగ్రహం ఎన్సెలాడస్ మంచు కింద సముద్రం ఉందని కనుగొన్నారు. గురుడి ఉపగ్రహం యూరోపాలో ఉప్పునీరు ఉందని కనుగొన్నారు. నువ్వు రాసినవాటిలో తప్పు లేదు. కానీ చదివేవాళ్ళకి నీ మాట నమ్మడం తప్ప ఇంకో దారి మిగల్లేదు. ఆ సముద్రాన్ని ఎవరూ చూడలేదు. అక్కడ ఎవరూ దిగలేదు, ఒక్క రంధ్రం తవ్వలేదు. శని దగ్గర నుంచి రేడియో సంకేతం మనల్ని చేరడానికే గంటకు పైగా పడుతుంది. మరి అంత దూరాన, మంచు కింద నీళ్ళున్నాయని ఎలా తెలిసింది? నీ వ్యాసం చెప్పాల్సింది అదే. ఇన్నేళ్ళుగా ఈ విషయాల మీద రాస్తూ నేను గట్టిగా పట్టుకున్నది ఇదొక్కటే. ఏం తెలిసిందో ఎవరైనా రాస్తారు. ఎలా తెలిసిందో రాసినప్పుడే పాఠకుడు మనతో కలిసి ఆలోచిస్తాడు.

ఎన్సెలాడస్ సంగతే చూడు. ఈ చివర నుంచి ఆ చివరకు అది సుమారు 500 కిలోమీటర్లు మాత్రమే. అంత చిన్న మంచుముద్ద ఎప్పుడో గడ్డకట్టి చల్లారిపోయి ఉండాలి. 1997 అక్టోబర్‌లో బయలుదేరిన క్యాసిని నౌక 2004 జులై 1న శని కక్ష్యలో చేరింది. 2005 ఫిబ్రవరి 17న మొదటిసారి ఎన్సెలాడస్ పక్కగా, సుమారు 1,260 కిలోమీటర్ల దూరంలో వెళ్ళింది. ఆ రోజు మొదటి ఆధారం దొరికింది కెమెరాకి కాదు, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్‌కి. నౌకలోని కరెంటు దాని కొలతను పాడుచేయకుండా 11 మీటర్ల పొడవైన కడ్డీ మీద బిగించిన పరికరం అది. శని అయస్కాంత క్షేత్రం గ్రహంతో పాటు తిరుగుతూ ఉపగ్రహాలను దాటుకుంటూ పోతుంది. ఎన్సెలాడస్ ఉత్త మంచుముద్దే అయితే ఆ క్షేత్రం పెద్దగా చెదరకుండా దాటిపోవాలి. కానీ అక్కడ క్షేత్రరేఖలు వంగి కనిపించాయి. ఉపగ్రహం కంటే పెద్దదేదో అడ్డం ఉన్నట్టు వంగాయి. మార్చిలో ఇంకా దగ్గరగా వెళ్ళినప్పుడూ అంతే.

ఆ పరికరం లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ బృందానిది. వాళ్ళకు నాయకురాలు మిషెల్ డౌహర్టీ. జులైలో జరగాల్సిన ప్రయాణంలో నౌకను ఇంకా చాలా దగ్గరగా పోనివ్వమని ఆ బృందం అడిగింది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించు. ఒక గీత వంగిందన్న ఆధారంతో, దశాబ్దాల శ్రమతో కట్టిన నౌకను ఒక ఉపగ్రహానికి అంత దగ్గరగా పోనివ్వమని అడగడం చిన్న విషయం కాదు. దారి మారిస్తే మిగతా పరికరాల వాళ్ళ ప్లాన్లన్నీ మారతాయి. అయినా ఒప్పుకున్నారు. సుమారు 1,000 కిలోమీటర్ల ఎత్తున వెళ్ళాల్సిన నౌక 2005 జులై 14న 173 కిలోమీటర్ల ఎత్తున దూసుకెళ్ళింది.

ఆ ఒక్కరోజులో ఒక్కో పరికరం ఒక్కో సాక్ష్యం చెప్పింది. వేడిని కొలిచే పరికరానికి దక్షిణ ధ్రువం వెచ్చగా కనిపించింది. ఎండ ఎక్కువ తగిలే మధ్యభాగం చల్లగా, ధ్రువం వెచ్చగా ఉండటమేమిటి? వాయువుల్ని పరీక్షించే పరికరానికి నీటి ఆవిరి తగిలింది. ధూళిని లెక్కించే పరికరానికి మంచు రేణువులు తగిలాయి. కెమెరాకు ధ్రువం దగ్గర నాలుగు పొడవాటి పగుళ్ళు కనిపించాయి. అప్పుడు, ఆ ఏడాది నవంబర్‌లో, సూర్యుడు ఎన్సెలాడస్ వెనకవైపు ఉండేలా చూసుకుని ఫొటోలు తీస్తే, పగుళ్ళలోంచి అంతరిక్షంలోకి చిమ్ముతున్న ధారలు స్పష్టంగా కనిపించాయి. నీ వ్యాసం ఈ ఫొటోతోనే మొదలైంది. కథలో మాత్రం అది చివర్న వచ్చింది. దాన్ని ముందే చూపించేస్తే, అనుమానం నుంచి రుజువు దాకా ఆ మనుషులు నడిచిన తొమ్మిది నెలలు పాఠకుడికి దక్కవు.

ధారలు కనిపించినంత మాత్రాన సముద్రం ఉన్నట్టు కాదు. ఇది కూడా నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ ధారలు చిమ్మిన రేణువుల్లో సోడియం లవణాలు ఉన్నాయని 2009లో ప్రకటించారు. అంటే ఆ నీరు రాతిని తాకుతూ ఉన్న నీరన్నమాట. అయినా అది ధ్రువం కింద చిన్న మడుగు కావచ్చు. మొత్తం ఉపగ్రహాన్ని చుట్టిన సముద్రమని తేలింది 2015లో. ఏళ్ళ తరబడి తీసిన ఫొటోల్లో గుంటల స్థానాలు గుర్తుపెట్టుకుని కొలిస్తే, ఎన్సెలాడస్ తిరుగుతూ అటూ ఇటూ 0.12 డిగ్రీలు ఊగుతోందని బయటపడింది. పైపెంకు లోపలి రాతికి అతుక్కుని ఉంటే అంత ఊగదు. చేతికి బిగుతుగా పట్టిన గాజు చేతితోనే కదులుతుంది. వదులు గాజు తన ఊపు తాను ఊగుతుంది. ఆ పెంకు వదులుగా ఉంది, మధ్యలో నీరుంది. డిగ్రీలో ఎనిమిదో వంతు ఊపు నుంచి ఒక సముద్రం బయటపడింది. ఇంత గొప్ప విషయాన్ని ‘కనుగొన్నారు’ అనే ఒక్క మాట కింద పూడ్చిపెట్టకు.

యూరోపా విషయంలో ఆధారం ఇంకా పరోక్షం, ఇంకా అందం. గురుడి అయస్కాంత అక్షం దాని భ్రమణాక్షానికి దాదాపు 10 డిగ్రీలు వంగి ఉంటుంది. అందుకని యూరోపా మీద పడే క్షేత్రం దిశ దాదాపు 11 గంటలకోసారి అటూ ఇటూ మారుతూ ఉంటుంది. మారే క్షేత్రంలో విద్యుత్తు ప్రవహించగల పదార్థం ఏదైనా ఉంటే, అందులో కరెంటు పుట్టి దానికంటూ ఒక క్షేత్రం తయారవుతుంది. గురుడి చుట్టూ తిరిగిన గెలీలియో నౌక అలాంటి క్షేత్రాన్ని పట్టుకుంది. కానీ అది యూరోపాకి స్వతహాగా ఉన్న అయస్కాంతమూ కావచ్చు కదా? తేల్చడానికి ఒకటే దారి: గురుడి క్షేత్రం ఎదురుదిశలో ఉన్న సమయంలో వెళ్ళి చూడాలి. 2000 జనవరి 3న వెళ్ళారు. యూరోపా క్షేత్రమూ తిరగబడింది. స్వతహాగా ఉన్న అయస్కాంతం అలా తిరగబడదు. మంచు కింద ఉప్పునీరు ఉందనడానికి బలమైన ఆధారం అదే. ఈ పని చేసిన నౌక పెద్ద యాంటెన్నా 1991లో విచ్చుకోకుండా ఇరుక్కుపోయింది. మిగిలిన చిన్న యాంటెన్నాతో, చాలా నెమ్మదిగా, ఉన్నదంతా పంపింది. 2003 సెప్టెంబర్ 21న దాన్ని గురుడిలోకి పంపి కాల్చేశారు. ఇంధనం అయిపోయాక అదుపు తప్పి యూరోపా మీద పడితే, భూమి నుంచి అంటుకెళ్ళిన సూక్ష్మజీవులు ఆ నీళ్ళలో చేరతాయేమోనని భయం. ఆ సముద్రం జాడ చూపించింది ఆ నౌకే, ఆ సముద్రం కోసమే దాన్ని అంతం చేశారు. 2017 సెప్టెంబర్ 15న క్యాసినిని శని గ్రహంలోకి పంపడానికీ ఇలాంటి కారణమే.

ప్రాణం గురించి నువ్వు రాసిన చివరి పేరా తిరిగి రాయాలి. ‘జీవం ఉండే అవకాశాలు ఎక్కువ’ అన్నావు. ఎక్కువో తక్కువో ఎవరూ కొలవలేదు. ఎన్సెలాడస్ ధారల్లో హైడ్రోజన్ ఉందని 2017లో చెప్పారు. సముద్రం అడుగున వేడినీరు, రాయి కలిసి చర్య జరుపుతున్నాయని దాన్నిబట్టి అనుకుంటున్నారు. ఫాస్ఫేట్లు ఉన్నాయని 2023లో చెప్పారు. సూక్ష్మజీవులకు పనికొచ్చే సరుకులు అక్కడ ఉన్నాయి. అంతవరకే రాయి. క్యాసినిని జీవం కోసం వెతకడానికి తయారు చేయలేదు. అది బయలుదేరినప్పుడు ఆ ధారలు ఉన్నాయనే ఎవరికీ తెలీదు.

తెలుగు పాఠకుడికి గురుడు, శని కొత్తవాళ్ళు కారు. దీన్ని నువ్వు వాడుకోలేదు. గురుడు కన్యారాశిలోకి వచ్చాడని 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా మనం కృష్ణా పుష్కరాలు జరుపుకున్నాం. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 27న, జూనో నౌక పరికరాలన్నీ పనిచేస్తుండగా మొదటిసారి అదే గురుడి మేఘాలకు 4,200 కిలోమీటర్ల పైనుంచి దూసుకెళ్ళింది. ఆ తర్వాత దాని పరారుణ కెమెరా ఉత్తర ధ్రువం దగ్గర ఒక తుఫాను చుట్టూ ఎనిమిది తుఫాన్లు పేర్చినట్టు తిరుగుతున్నాయని చూపించింది. ఏలినాటి శని ఏడున్నరేళ్ళని మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు. శని సూర్యుణ్ణి చుట్టిరావడానికి 29న్నర ఏళ్ళు పడుతుంది, అంటే రాశికి రెండున్నరేళ్ళు, మూడు రాశులకు ఏడున్నర. ఈ లెక్క చెప్పి, క్యాసిని అక్కడ ఉన్న 13 ఏళ్ళు శని సంవత్సరంలో సగం కూడా కాదని చెప్పు. 2009 తర్వాత ఋతువు మారి ఎన్సెలాడస్ దక్షిణ ధ్రువం చీకట్లోకి పోయిందని, అయినా ఆ పగుళ్ళ వేడిని క్యాసిని పరికరాలు కొలుస్తూనే వచ్చాయని అప్పుడు సులువుగా అర్థమవుతుంది. పాఠకుడి నమ్మకంతో తగువు పెట్టుకోనక్కర్లేదు. అతనికి తెలిసిన కాలగణన నుంచి మొదలుపెట్టు, చాలు.

ఇంకో మాట. ‘నాసా హైగెన్స్‌ని టైటన్ మీద దింపింది’ అని రాశావు. శని ఉపగ్రహం టైటన్ మీద దిగిన ఆ హైగెన్స్ నౌక యూరోపియన్ స్పేస్ ఏజెన్సీది, క్యాసిని దాన్ని మోసుకెళ్ళింది. దాని వెనక ఒక ఇంజినీర్ ఉన్నాడు, బోరిస్ స్మెడ్స్. 2000లో క్యాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ యాంటెన్నా నుంచి, హైగెన్స్ పంపబోయే సంకేతం లాంటిదాన్ని, వేగం వల్ల వచ్చే మార్పుతో సహా, క్యాసినికి పంపి పరీక్షించాడు. ఆ మార్పును క్యాసినిలోని రిసీవర్ తట్టుకోలేదని బయటపడింది. అలాగే వదిలేస్తే టైటన్ నుంచి వచ్చే సమాచారంలో చాలా భాగం పోయేది. రిసీవర్ని బాగుచేయడానికి ఎవరూ వెళ్ళలేరు కాబట్టి దారినే మార్చారు. క్యాసిని చాలా దూరంగా ఉండేలా ప్లాన్ మార్చి, దింపడాన్ని వాయిదా వేశారు. 2005 జనవరి 14న హైగెన్స్ టైటన్ నేలను తాకింది. మైనస్ 179 డిగ్రీల చలిలో, మీథేన్ పారిన వాగుల జాడల దగ్గర, గుండ్రటి మంచురాళ్ళ ఫొటో పంపింది. ఆ ఫొటో కింద స్మెడ్స్ పేరు ఎక్కడా కనిపించదు. నువ్వు రాస్తే కనిపిస్తుంది.

రంగుల ఫొటోలు పెట్టినప్పుడు రంగు పెంచినదైతే కిందే ఆ మాట రాయి. జూనో కెమెరా ముడి చిత్రాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిని చాలామంది తమకు నచ్చినట్టు తీర్చిదిద్దుతారు. అందులో తప్పేమీ లేదు, చెప్పకపోతేనే తప్పు.

యురేనస్ పేరా తీసేద్దామనుకుంటున్నానని రాశావు, సమాచారం తక్కువని. తీసేయకు. 1986 జనవరి 24న వాయేజర్ 2 ఒక్కటే దాని పక్కగా వెళ్ళింది. ఇప్పటిదాకా ఇంకే నౌకా వెళ్ళలేదు. ఆ గ్రహం అయస్కాంత ఆవరణం, అంటే దాని అయస్కాంత క్షేత్రం పరచుకున్న ప్రాంతం, వింతగా, దాదాపు ప్లాస్మా (విద్యుదావేశమున్న వాయువు) లేకుండా కనిపించింది. దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో యురేనస్ అంటే అదే. 2024లో పాత సమాచారాన్ని మళ్ళీ తీసి చూస్తే, నౌక చేరడానికి కాస్త ముందు సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి వీచే ఆవేశిత కణాల ప్రవాహం, ఉధృతమై ఆ ఆవరణాన్ని నొక్కేసిందని తేలింది. అలాంటి పరిస్థితి అక్కడ నూటికి నాలుగు పాళ్ళు సమయంలోనే ఉంటుందట. మనం వెళ్ళింది ఒకే రోజు, అదీ మామూలు రోజు కాదు. అంటే, ప్లాస్మా కనిపించలేదన్న దాన్నిబట్టి అక్కడి ఉపగ్రహాల మీద మనం ఇచ్చుకున్న తీర్పులు కూడా మళ్ళీ తెరవాలి. దొరికిన సమాచారం ఎంత, దాని మీద మనం కట్టుకున్న అభిప్రాయం ఎంత అనేది ఈ పేరాలో చెప్పినంత బాగా ఇంకెక్కడా చెప్పలేవు.

యూరోపా క్లిప్పర్ 2024 అక్టోబర్ 14న బయలుదేరింది, 2030లో గురుడి దగ్గరకు చేరాలి. యూరప్ వాళ్ళ జ్యూస్ నౌక 2031లో చేరాలి. అవి పంపబోయే వార్తలు రాయడానికి తెలుగులో మనుషులు కావాలి, కాబట్టి ఇప్పటి నుంచే ఒక ఉపగ్రహాన్ని నీదిగా ఎంచుకో. దాని మీద వచ్చిన మొదటి పరిశోధన పత్రాలు వెతికి చదువు. అర్థంకాని చోట గీత గీసి పెట్టుకో, పత్రికా ప్రకటనతో సరిపెట్టుకోకు. ఎన్సెలాడస్ పేరా, యురేనస్ పేరా ముందు తిరగరాసి పంపు. మిగతావి వాటి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు