చెల్లీ పిల్లీ కలిసి పెరిగారా, పెరిగాయా?

సందేహం: మా చెల్లికి రెండేళ్లున్నప్పుడు మా ఇంటికి రెండు నెలల పిల్లిపిల్ల వచ్చింది. ఈమధ్యే, పదిహేడేళ్ల నాలుగు నెలల వయసులో పోయింది. దాని గురించి రాస్తూ ‘మా చెల్లీ, మా పిల్లీ కలిసి పెరిగారు. పిల్లి పదిహేడో ఏట చనిపోయింది’ అన్నాను. చదివిన స్నేహితుడు మూడు తప్పులు పట్టాడు. జంతువు కూడా ఉంది కాబట్టి ‘పెరిగాయి’ అనాలట. జంతువులు చస్తాయి గానీ చనిపోవట. పిల్లుల ఆయుర్దాయం పన్నెండేళ్లే కాబట్టి పదిహేడు అంటే ఎవరూ నమ్మరట. ఏది ఒప్పు?

సమాధానం: మీ స్నేహితుడు పట్టిన మూడూ తప్పులు కావు. అసలు తప్పు ఇంకొకటుంది, అది ఆయన కంటపడలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ‘పెరిగారు’ సంగతి చూద్దాం, ఎందుకంటే వీటన్నిటిలో నిజంగా ఆగి ఆలోచించాల్సింది అదే.

తెలుగులో ఏకవచనం వరకు ఆడవాళ్లకూ జంతువులకూ వస్తువులకూ క్రియ ఒకటే. చెల్లి వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలోకి రాగానే దారులు వేరైపోతాయి, చెల్లెళ్లు వచ్చారు, పిల్లులు వచ్చాయి. పాత వ్యాకరణాలు మహత్తు (మగవాళ్లు), మహతి (ఆడవాళ్లు), అమహత్తు (జంతువులూ వస్తువులూ) అని పేర్లు పెట్టి చెప్పింది ఈ తేడానే: స్త్రీ ఒక్కతే ఉంటే క్రియ అమహత్తుల వరసలో, ఒకరికి మించితే మహత్తుల వరసలో నడుస్తుంది. (ఈ అమరిక న్యాయమేనా అనేది వేరే పేచీ, ఇక్కడ ఎత్తను.) కాబట్టి ‘చెల్లి పెరిగింది’, ‘పిల్లి పెరిగింది’ అని విడివిడిగా రాసినంతసేపూ మీకు ఏ ఇబ్బందీ లేదు, ఇద్దర్నీ ఒకే క్రియ కిందికి తెచ్చేసరికి ‘రు’ పెట్టాలా ‘యి’ పెట్టాలా అన్న టెన్షన్ మొదలైంది.

దీనికి జవాబు మన నోట్లోనే ఉంది. ‘నేనూ పిల్లీ కలిసి పెరిగాం’ అంటాం, అనుమానం రాదు. ‘నువ్వూ పిల్లీ ఎక్కడున్నారు?’ అని అడుగుతాం, అప్పుడూ రాదు. రెండు చోట్లా వాక్యంలో ఉన్న మనిషే క్రియను తన వైపు లాక్కున్నాడు, పిల్లి వెంట నడిచింది. ‘నేను’, ‘నువ్వు’ అన్నప్పుడు చెల్లిన పద్ధతి ‘చెల్లి’ అన్నప్పుడు మాత్రం ఎందుకు చెల్లదు? అందుకే ‘చెల్లీ పిల్లీ కలిసి పెరిగారు’ సహజమైన వాక్యం. ‘పెరిగాయి’ అంటే పిల్లికి ఒరిగేదేమీ లేదు, చెల్లి మాత్రం పిల్లుల జమలోకి వెళ్లిపోతుంది.

అలాగని మనుషులకు ‘యి’ ఎప్పుడూ వాడమని కాదు. ‘రెండూ చేరి ఇల్లు పీకి పందిరేశాయి’ అని తల్లి అన్నదంటే ఆ రెండూ ఎవరైనా కావచ్చు, ఇద్దరు పిల్లలు, రెండు పిల్లులు, ఒక పిల్లా ఒక పిల్లీ. అక్కడ పనిచేసేది విసుగో మురిపెమో, వ్యాకరణం కాదు. ఎదురుగా ఇంకొకటుంది. ఇంట్లో రెండు పిల్లులున్న వాళ్లు ‘ఇద్దరూ పడుకున్నారు’ అంటారు. ఇంట్లో అనుకునే మాటకు ఎవరూ పెన్సిల్ పట్టుకు కూర్చోరు. రాసేటప్పుడు మాత్రం ‘రెండూ పడుకున్నాయి’ అనడమే నాకు నచ్చుతుంది, లేకపోతే చదివేవాళ్లు ఆ ఇద్దరూ మనుషులే అనుకుంటారు.

పేరు పెడితే లెక్క మళ్లీ మారుతుంది. ‘పిల్లి పాలు తాగింది’ అన్నవాళ్లే దానికి బుజ్జిగాడని పేరు పెట్టాక ‘బుజ్జిగాడు పాలు తాగాడు’ అంటారు. ఆ ‘గాడు’ వచ్చాక ‘తాగింది’ అనడానికి నోరు తిరగదు. కథల్లో ‘నక్క అన్నది’ అని మొదలుపెట్టి వరస కలపగానే ‘నక్కబావ అన్నాడు’ అయిపోతుంది. క్రియ జంతువును చూడదు, మనం దాన్ని పిలిచిన పిలుపును చూస్తుంది. మీ పిల్లికీ పేరుండే ఉంటుంది, ఆ పేరుతో రాసి ఉంటే మీ స్నేహితుడికి ఈ సందేహం వచ్చేదే కాదేమో. అంత గొడవ వద్దనుకుంటే ‘చెల్లితో పాటే పిల్లీ పెరిగింది’ అని రాయొచ్చు. కానీ మీ వాక్యంలో ఇద్దరూ సమానంగా ఉన్నారు, ఇందులో పిల్లి ఒక మెట్టు కిందికి దిగుతుంది. నేనైతే మార్చను.

‘కలిసి పెరగడం’ అనే మాట మీదే ఇంకొంచెం పేచీ పెట్టొచ్చు. పిల్లి ఒంటి పెరుగుదల చాలావరకు ఏడాదిలోనే పూర్తవుతుంది. మనుషుల వయసుతో పోల్చడానికి పశువైద్యులు ఎక్కువగా వాడే లెక్కలో పిల్లి మొదటి ఏడాది మన పదిహేనుకు సమానం, రెండో ఏడాది నిండేసరికి ఇరవై నాలుగు, ఆ తర్వాత ఏడాదికి నాలుగు చొప్పున కలుపుకుంటూ పోవాలి. అంటే మీ చెల్లికి నాలుగేళ్లు వచ్చేసరికే పిల్లి పెళ్లీడుకొచ్చేసింది, చెల్లి పదమూడులో పడేసరికి ముసలిదైపోయింది, పదేళ్లు దాటిన పిల్లిని వృద్ధుల జాబితాలోనే వేస్తారు. మరి కలిసి పెరిగినట్టేనా? పెరిగినట్టే. తెలుగులో ‘పెరుగు’కు పొడుగవడం ఒక్కటే అర్థం కాదు, ఒక చోట ఒకరి చేతుల మీద బతకడం కూడా. ‘అమ్మమ్మ దగ్గర పెరిగాడు’ అన్నప్పుడు మనం ఎత్తు కొలవం కదా. శరీరం గురించే చెప్పాలనుకుంటే ‘ఎదిగింది’ అనండి. ‘చెల్లి ఎదుగుతుంటే పిల్లి ముదిరింది’ అంటే లెక్క ప్రకారం ఒప్పే, కానీ చదవడానికి అంత బాగుండదు.

ఇప్పుడు అసలు తప్పు. ‘పదిహేడో ఏట’ అంటే పదహారు నిండి పదిహేడు నడుస్తుండగా అని. మీ పిల్లికి పదిహేడు నిండి నాలుగు నెలలైంది కాబట్టి అది పోయింది పద్దెనిమిదో ఏట. ‘పదిహేడేళ్ల వయసులో’ అంటే సరిపోతుంది, ‘పదిహేడేళ్లు నిండాక’ అంటే ఇంకా నయం. పేపర్లలోనూ ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది, నిండిన ఏడునూ నడుస్తున్న ఏడునూ కలిపేసి ఒకరి ఆయుష్షులో ఏడాది కోసేస్తుంటారు. ఇదే లెక్క ఇంకో పిల్లితో చూడండి. పిల్లులన్నిటిలో ఎక్కువకాలం బతికినట్టు గిన్నిస్ రికార్డుల్లో ఉన్న పిల్లి క్రీమ్ పఫ్. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఉండేది. 1967 ఆగస్టు 3న పుట్టి 2005 ఆగస్టు 6న పోయింది. దాని వయసు 38 ఏళ్ల మూడు రోజులు. కాబట్టి ‘ముప్ఫై ఎనిమిదేళ్లు బతికింది’ అన్నా ఒప్పే, ‘ముప్ఫై తొమ్మిదో ఏట చనిపోయింది’ అన్నా ఒప్పే. ‘ముప్ఫై ఎనిమిదో ఏట’ అంటే మాత్రం తప్పు.

ఇక ఆయుర్దాయం. ఆయుస్సులో దాయం, అంటే వాటా. జాతకాలు చూసేవాళ్ల మాట ఇది, ఫలానా మనిషికి రాసిపెట్టి ఉన్న ఏళ్లు అని దాని అర్థం. ఇదే మాటను జనాభా లెక్కల్లోకి తెచ్చి సగటుకు వాడుతున్నాం. మాట పాతదే కాబట్టి పాత అర్థం వదలదు, ‘ఆయుర్దాయం పన్నెండు’ అనగానే పన్నెండు నిండిన రోజున యముడు గుమ్మంలో నిలబడతాడనిపిస్తుంది. మీ స్నేహితుడు పడింది ఈ గోతిలోనే. బ్రిటన్ పెంపుడు పిల్లుల మీద 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో పుట్టినప్పటి ఆయుర్దాయం 11.74 ఏళ్లని తేలింది, ఆయన చెప్పిన పన్నెండు దీనికి దగ్గరగానే ఉంది. కానీ ఆ లెక్కలో చిన్నప్పుడే పోయిన పిల్లులూ కలిసి ఉంటాయి. అంతకుముందు ఇంగ్లండ్‌లో చనిపోయిన పిల్లుల వయసులు తీసుకుని చూస్తే మధ్యగతం 14 ఏళ్లు, అంటే సగం పిల్లులు అంతకన్నా ఎక్కువే బతికాయి. అయిదేళ్ల లోపు వాటిని ఎక్కువగా తీసుకుపోయినవి రోడ్డు ప్రమాదాల్లాంటి దెబ్బలు, ఆ వయసు దాటిన వాటిలో అన్నిటికన్నా ముందున్నది కిడ్నీ జబ్బు. గండుపిల్లుల కన్నా ఆడవి ఏడాదికి పైగా ఎక్కువ బతుకుతాయని 2024 లెక్క చెబుతోంది. జాతుల మధ్య తేడా ఇంకా పెద్దది, బర్మీస్ పిల్లులకు పద్నాలుగు దాటితే ఒంటి మీద బొచ్చు లేని స్ఫింక్స్ పిల్లులకు ఏడు కూడా లేదు. ఇంటిపట్టున ఉండి, దెబ్బలూ జబ్బులూ తప్పించుకున్న పిల్లి పదిహేడు దాటడం విశేషమే గానీ వింత కాదు. ఇలాంటి చోట ‘సగటు ఆయుర్దాయం’ అని పూర్తిగా రాయాలి, ‘సగటు’ ఎగిరిపోతే వాక్యం జాతకమైపోతుంది. ఒక్క పిల్లి గురించైతే ఆ మాటే వద్దు, ‘ఇన్నేళ్లు బతికింది’ చాలు.

చివరిగా ‘చనిపోయింది’. ‘చను’ అంటే వెళ్లడం. చనిపోవడమంటే వెళ్లిపోవడమే, చావు అనే మాట నోటితో అనలేక మనవాళ్లు పెట్టుకున్న మెత్తటి మాట. అది మనుషులకే చెందుతుందని చెప్పిన వ్యాకరణం లేదు. ‘చచ్చిపోయింది’ కూడా తప్పు కాదు, ఇష్టమైన వాళ్ల గురించి ఏడుస్తూ ఆ మాటే అనేవాళ్లున్నారు. ఎలుకకు ఏది, పెంచుకున్న పిల్లికి ఏది అన్నది రాసేవాళ్ల ఇష్టం. ‘కాలం చేసింది’ మాత్రం పిల్లికి మరీ పెద్దరికమవుతుంది, చదివినవాళ్లు నవ్వుతారు. ‘మా పిల్లి పోయింది’ అని ఒంటరిగా రాసినా చిక్కే, తప్పిపోయిందనుకుని ఎక్కడెక్కడ వెతకాలో సలహాలిస్తారు.