ముందు ఆట ఆపండి, విటమిన్ల సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: నా వయసు 19. కాలేజీ హాస్టల్లో ఉంటాను. రెండు వారాలుగా జ్వరం వచ్చి పోతోంది. గొంతు నొప్పి, మెడకు రెండు వైపులా బిళ్లలు కట్టాయి, విపరీతమైన నీరసం. రూమ్మేట్ దగ్గర మిగిలిన అమాక్సిసిలిన్ నాలుగు రోజులు వేసుకున్నాను. ఇప్పుడు ఒంటి నిండా దద్దుర్లు. వచ్చే వారం ఫుట్‌బాల్ టోర్నీ, ఆ వెంటనే పరీక్షలు. ఇమ్యూనిటీ పెరగడానికి మంచి మల్టీవిటమిన్ చెప్పండి. రాత్రి మేలుకుని చదవడానికి ఏదైనా మాత్ర ఉంటే అదీ చెప్పగలరు.
– ఒక విద్యార్థి

జవాబు: మీరు అడిగింది విటమిన్ గురించి. నన్ను కంగారు పెట్టింది ఫుట్‌బాల్. ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి సూటిగా చెబుతాను. డాక్టరు మీ పొట్ట చూసి సరే అనేదాకా మైదానంలో దిగొద్దు. ప్రాక్టీసూ వద్దు, జిమ్మూ వద్దు.

ఈ వయసులో ఇన్ని రోజుల జ్వరం, గొంతు నొప్పి, మెడలో బిళ్లలు, పైగా అమాక్సిసిలిన్ పడ్డాక దద్దుర్లు... ఈ వరస చూస్తే మొదట అనుమానించాల్సింది ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్, పొట్టిగా మోనో. దీనికి ఎక్కువగా కారణం ఎప్‌స్టీన్-బార్ వైరస్. ఎంగిలి ద్వారా సోకుతుంది. ఒకే నీళ్ల సీసాని నలుగురు నోట పెట్టుకుని తాగే హాస్టల్ గదుల్లో దానికి అడ్డేముంది? ఒంట్లో చేరాక 4 నుంచి 6 వారాలకు గానీ బయటపడదు, అందుకని ఎవరు అంటించారో తేల్చే పని పెట్టుకోకండి. ఇదేనని చూడకుండా నేను చెప్పలేను. స్ట్రెప్ బ్యాక్టీరియాతో వచ్చే గొంతు ఇన్ఫెక్షన్, సైటోమెగలో వైరస్, హెచ్ఐవీ తొలి దశ కూడా ఇలాగే కనిపించవచ్చు. హెచ్ఐవీ పేరు చూసి బెదిరిపోవద్దు. ఇలాంటి లక్షణాలకు ఆ పరీక్ష కూడా రాయడం మాకు మామూలే.

ఇక ఆట ఎందుకు వద్దన్నానంటే, మోనోలో దాదాపు సగం మందికి ప్లీహం (స్ప్లీన్, రక్తాన్ని వడకట్టే అవయవం) వాస్తుంది. మామూలుగా అది ఎడమ పక్కటెముకల చాటున ఉంటుంది. వాచినప్పుడు ఆ చాటు దాటి కిందికి వస్తుంది. అప్పుడు ఎదుటివాడి మోచెయ్యో మోకాలో తగిలి చిట్లిందంటే లోపల్లోపలే రక్తం పోతుంది. ఇది అరుదు, నూటికి ఒకరి కన్నా తక్కువ. కానీ జరిగితే చాలావరకు తొలి 3, 4 వారాల్లోనే జరుగుతుంది. మీరిప్పుడు సరిగ్గా ఆ వారాల్లోనే ఉన్నారు. జ్వరం తగ్గిందని ప్లీహం వాపు కూడా తగ్గినట్టు కాదు. లక్షణాలు మొదలైన రోజు నుంచి కనీసం 3 వారాలు ఆటలు మానాలి, ఒకరినొకరు ఢీకొట్టుకునే ఆటలకైతే నేను 4 వారాలు ఆగమంటాను. మీ కోచ్ "ఒక్క మ్యాచేగా" అంటే ఈ పేరా చూపించండి.

ఇప్పుడు ఆ అమాక్సిసిలిన్ గురించి. నా దగ్గరికి వచ్చే హాస్టల్ పిల్లలు జేబులోంచి కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్క తీస్తారు. దాని మీద మందు పేరు సగమే ఉంటుంది, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న అంచు ఎవరి దగ్గరో ఉండిపోతుంది. "ఇది వేసుకుంటే మావాడికి తగ్గింది సార్" అంటారు. మీ రూమ్మేట్ దగ్గర నాలుగు రోజుల మందు మిగిలిందంటే అతను కూడా కోర్సు పూర్తి చేయలేదేమో అని నా అనుమానం. యాంటీబయాటిక్ వైరస్ మీద పని చేయదు. ఒకవేళ గొంతులో బ్యాక్టీరియా ఉన్నా, ఈ అరకొర వాడకంతో ఇక గొంతు కల్చర్‌లో (గొంతు నుంచి నమూనా తీసి బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో) అది దొరక్కపోవచ్చు. మీరు జబ్బూ తగ్గించుకోలేదు, మాకు ఆనవాలూ మిగల్చలేదు. కోపంతో కాదు, రోజూ చూస్తున్నాను కాబట్టి అంటున్నాను.

మోనో ఉన్నవాళ్లు అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ వేసుకుంటే ఇలా దద్దుర్లు రావడం మాకు బాగా తెలిసిన విషయమే. చాలామందిలో ఇది అసలైన పెన్సిలిన్ ఎలర్జీ కాదు. అయినా ఆ తీర్పు మీరు ఇచ్చుకోకండి. మాత్ర ఆపేయండి, ఏ రోజు మొదలుపెట్టారో, దద్దుర్లు ఏ రోజు వచ్చాయో కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా, నోట్లో పుండ్లు పడినా, చర్మం పొక్కులు లేచి ఊడుతున్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మల్టీవిటమిన్ వేసుకుంటే పెద్ద నష్టం లేదు, దీన్ని తగ్గించదు కూడా. మేలుకోవడానికి మాత్ర రాయను. మీకిప్పుడు నిద్రే మందు, మీరేమో దాన్ని ఆపే మందు అడుగుతున్నారు! నీరసం వారాల తరబడి ఉండవచ్చు, కాబట్టి పరీక్షల విషయం ఇప్పుడే వార్డెన్‌తోనూ కాలేజీతోనూ మాట్లాడండి. చూసిన డాక్టరు దగ్గర మెడికల్ సర్టిఫికెట్ తీసుకోండి.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠం, అదీ లివర్ బాగున్నప్పుడు. మోనోలో లివర్‌కీ కాస్త వాపు వస్తుంది, అందుకే డోసు అడిగి వేసుకోండి. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, అదీ లెక్కలోకి వస్తుంది. ఆస్పిరిన్ వద్దు. మద్యం అలవాటుంటే పూర్తిగా ఆపండి.

రేపే క్యాంపస్ హెల్త్ సెంటర్‌కో, ఫిజీషియన్ దగ్గరికో వెళ్లండి. సీబీపీ (రక్తకణాల లెక్క), స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూడటం), లివర్ పరీక్షలు, మోనో పరీక్ష అవసరాన్ని బట్టి ఆయన రాస్తారు. ఎడమ పక్క కడుపులో గానీ ఎడమ భుజంలో గానీ హఠాత్తుగా నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, మెడ బిగుసుకుపోవడం, గాజు గ్లాసుతో నొక్కినా చెరగని ఊదారంగు మచ్చలు... వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగొద్దు, రాత్రయినా రూమ్మేట్‌ను లేపి ఆసుపత్రికి వెళ్లండి. రిపోర్టులు ఫొటో తీసి నాకు పంపి "ఆడొచ్చా" అని మాత్రం అడక్కండి. ప్లీహం ఎంత వాచిందో పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలి, అవసరమైతే స్కాన్ చేయాలి.