కాయ డబ్బు చేతికి రాకముందే కారెక్కకండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. 6 ఎకరాల తోతాపురి మామిడి తోట, రెండు ఆవులు ఉన్నాయి. నా భార్య చిత్తూరులో ప్రైవేటు స్కూలు టీచరు, జీతం 24 వేలు. మా పెళ్లయి 25 ఏళ్లవుతోంది. వచ్చే నెల, ఫిబ్రవరిలో, కారులో అమృత్‌సర్ దాకా వెళ్లాలని, దారిలో ఏ ఊరి తిండి ఆ ఊళ్లో తినాలని మా ఇద్దరి కోరిక. 20 రోజులకు రెండున్నర లక్షలు లెక్క వేశాను. హోటళ్లకు 80 వేలు, షాపింగుకు 60, పెట్రోలుకు 45, తిండికి 30, టోల్‌కు 10, మిగతా వాటికి 25. బంగారం తాకట్టు పెట్టి, జూలైలో కాయ అమ్మాక విడిపిద్దామనుకుంటున్నాను. 2 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ దాన్ని కదపడం ఇష్టం లేదు. ఖర్చు తగ్గించడానికి స్టవ్వు, బియ్యం వెంట తీసుకెళ్లి వండుకుంటే ఎలా ఉంటుంది?

జవాబు: స్టవ్వు ఇంట్లోనే ఉంచండి. తినడానికని బయల్దేరుతూ తిండికి 30 వేలు, షాపింగుకు దానికి రెండింతలు రాశారు. వండుకుంటే మిగిలేది మహా అయితే 15 వేలు. నాగపూర్‌లో పొద్దున్నే తర్రీ పోహా, హర్యానాలో హైవే పక్కనే ముర్తల్ పరాఠాలు, అమృత్‌సర్‌లో కుల్చా, ఇవేవీ జేబుకు చిల్లు పెట్టేవి కావు. స్వర్ణ దేవాలయంలో లంగర్ భోజనం ఉచితం. ఇద్దరికీ రోజుకు 1,500 ధారాళంగా సరిపోతుంది. ఆ రోజువారీ అంకెను ముట్టుకోకండి.

తగ్గించాల్సింది రాత్రుళ్లను. 20 రాత్రులను 14 చేసి, గదికి 4,000 బదులు 2,500 పెట్టుకుంటే హోటల్ ఖర్చు 35 వేలకు దిగుతుంది. బుక్ చేసేటప్పుడు బ్రేక్‌ఫాస్ట్ కలిపిన రేటు తీసుకోకండి. ఊళ్లోకి వెళ్లి తినేవాళ్లకు అది దండగ.

మీ దారి పీలేరు, రాయచోటి, కడప మీదుగా కర్నూలు చేరి, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కడం. అమృత్‌సర్ సుమారు 2,600 కిలోమీటర్లు. పోను రాను, ఊళ్లలో తిరుగుళ్లు కలిపి 6,000 అనుకుందాం. లీటరుకు 16 కిలోమీటర్లు, సగటు ధర 105 చొప్పున పెట్రోలుకు దాదాపు 40 వేలు. ఢిల్లీ, హర్యానా వైపు మనకంటే చవక, కాబట్టి ఇంతకు మించదు. టోల్‌కు ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోండి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైంది. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. అయితే ఇది జాతీయ రహదారులకు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకే. ఆగ్రా నుంచి యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే విడిగా కట్టాలి. అన్నీ కలిపి 5 వేలు చాలు.

మీ లెక్కలో రాని ఖర్చులు రెండున్నాయి. మీరిద్దరూ లేనప్పుడు ఆవుల్ని చూసే మనిషికి కూలి, మీ ఆవిడకు సెలవు రోజుల జీతం కోత. వీటికి 12 వేలు వేయండి. కారు సర్వీసుకు, అత్యవసరానికి 20, షాపింగుకు 15, రోజులు తగ్గాయి కాబట్టి తిండికి 25. మొత్తం లక్షా 52 వేలు.

ఇక అసలు సంగతి, తాకట్టు. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకున్నా, రెండున్నర లక్షలకు ఆరు నెలల్లో 15 వేలు. మీరు తిండికి పెట్టుకున్న దాంట్లో సగం! వడ్డీ కంటే నాకు భయం వేసేది జూలై మీద మీకున్న ధీమా. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 కలపాలని నిర్ణయించాల్సి వచ్చిన సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. పైగా కాయ తోలిన రోజే డబ్బు చేతికి రాదు. ఈలోగా వడ్డీ ఆగదు, బంగారం అక్కడే ఉంటుంది.

కిసాన్ కార్డు మీద తీసుకుంటే 4 శాతమే కదా అని ఎవరైనా అనొచ్చు. 3 లక్షల దాకా, సకాలంలో కడితే ఆ రేటు నిజమే. కానీ అది సాగుకు ఇచ్చే అప్పు. దాంతో ఊళ్లు తిరిగితే, మందులకు, కూలీలకు డబ్బు కావాల్సినప్పుడు లిమిట్ అయిపోయి ఉంటుంది. ఎఫ్‌డీ కదపనన్నారు, మంచిదే. కాయ దెబ్బతిన్న ఏడాది ఇల్లు గడవాల్సింది దానితోనే.

కాబట్టి ఫిబ్రవరి వద్దు. పూత పిందెగా మారే ఆ నెలలో తేనెమంచు పురుగుకు మందు కొట్టించకుండా మీరు ఢిల్లీలో ఉండి ఏం తింటారు, టెన్షన్ తప్ప? పదో తరగతి పరీక్షల ముందు మీ ఆవిడకు సెలవు ఇస్తారన్న నమ్మకమూ లేదు. దసరా సెలవులకు పెట్టుకోండి. కాయ పని అయిపోతుంది, ఆమె సెలవు పెట్టాల్సిన రోజులూ తగ్గుతాయి.

ఈ నెల నుంచే ఆమె జీతంలోంచి 7 వేలతో రికరింగ్ డిపాజిట్ వేయండి. సెప్టెంబరుకు అసలే 63 వేలు. మిగతా 89 వేలు కాయ డబ్బులోంచి తీయండి, అదీ వచ్చే ఏడాది సాగు ఖర్చు పక్కన పెట్టాకే. ధర రాకపోతే ఆ 63 వేలతో నాగపూర్ దాకా వారం రోజులు వెళ్లి రండి, అమృత్‌సర్‌ను మరుసటి ఏడాదికి పెట్టుకోండి. అప్పు చేసి మాత్రం ముందుకు సాగవద్దు.

బయల్దేరే ముందు కారు ఇన్సూరెన్స్ గడువు చూసుకోండి. రెన్యూవల్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో అడగండి. మీ ఊరికి వెయ్యి కిలోమీటర్ల అవతల టోయింగ్ బండి పిలిస్తే, ఆ ఒక్క బిల్లే మీ వారం తిండి ఖర్చును మింగేస్తుంది.