తొమ్మిదేళ్ల బాబుకి ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్పించొచ్చా?

మీ బాబుకి తొమ్మిదేళ్లనీ, పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్‌ని చూసినప్పటి నుంచి షూటింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడనీ రాశారు. ఈ వయసుకి తొందరవుతుందా, రైఫిల్ ముందే కొనాలా అని అడిగారు. తుపాకీ అంటేనే మీ అత్తగారు వద్దంటున్నారని కూడా అన్నారు.

మా అమ్మాయి పదేళ్లప్పుడు మొదలుపెట్టింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, ఇంకా కాలుస్తూనే ఉంది. తొమ్మిదేళ్లకి నేర్పించొచ్చండీ. కాకపోతే వయసు కన్నా ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. రోడ్డు దాటేటప్పుడు మీరు "ఆగు" అంటే బాబు ఉన్నచోటే ఆగిపోతాడా, లేక ఇంకో రెండడుగులు వేశాక ఆగుతాడా? షూటింగ్ నేర్పే చోట, అంటే రేంజ్‌లో, "స్టాప్" అని వినపడిన క్షణంలో వేలు ట్రిగ్గర్ మీంచి రావాలి. ఆ అలవాటు ఉంటే పంపండి. లేకపోతే ఇంకో ఏడాది ఆగండి, నష్టమేమీ లేదు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ తొమ్మిదేళ్లకే మొదలుపెట్టి, 2018లో 13 ఏళ్లకే జాతీయ చాంపియన్‌షిప్‌లో ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచింది. ఆ కథ విని చాలామంది తల్లిదండ్రులు కంగారు పడతారు. ఒక పిల్ల ఎదిగిన వేగాన్ని ఇంకో పిల్లాడికి గడువుగా పెట్టడం నాకస్సలు ఇష్టం లేదు.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ వెళ్తుంది, దాని బరువు అర గ్రాము చుట్టూ ఉంటుంది. అయినా కంటికి తగిలితే కన్ను పోతుంది. ఆవిడని ఒకసారి రేంజ్‌కి తీసుకెళ్లి వెనక కుర్చీలో కూర్చోబెట్టండి. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉంటుంది. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉంటుంది. కాల్చనప్పుడు లోపల పెల్లెట్ లేదని అందరికీ కనపడేలా గొట్టం గుండా రంగు తాడు దూర్చి ఉంచుతారు. టార్గెట్ కార్డు మార్చడానికి ఒక్కరు ముందుకెళ్లినా మిగతావాళ్లంతా తుపాకులు కిందపెట్టి వెనక్కి జరుగుతారు. ఇదంతా కళ్లారా చూశాకే మా అత్తగారు కూడా ఒప్పుకున్నారు. అన్నట్టు, పెల్లెట్లు సీసం కాబట్టి అక్కడ ఏమీ తిననివ్వకండి, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి.

ఇక బరువు సంగతి. పోటీల్లో ఎయిర్ రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. నిలబడి కాల్చే భంగిమలో నడుము వెనక్కి వంగి, కాస్త మెలి తిరిగి ఉంటుంది. ఎదిగే వెన్నెముక మీద ఆ భారం వేసి గంటసేపు నిలబెట్టకూడదు. అందుకే చిన్నపిల్లల చేత రైఫిల్‌ని స్టాండు మీద ఆనించి, కూర్చోబెట్టి కాల్పిస్తారు. జర్మనీలో 12 ఏళ్లలోపు పిల్లలకి మామూలుగా పెల్లెట్ తుపాకీ ఇవ్వరు, కాంతి పుంజం వదిలే తుపాకీతో నేర్పుతారు. "మా వాడు నిలబడి కాల్చేస్తున్నాడు" అని మొదటి నెలలోనే గొప్పగా చెప్పే కోచ్ దగ్గర నేనైతే చేర్పించను.

స్కోరు కూడా అడగకండి. రైఫిల్ టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. మా అమ్మాయి కోచ్ చాలాకాలం కార్డు తిప్పి పెట్టి, వెనకవైపు ఖాళీ కాగితం మీదే కాల్పించారు. రంధ్రాలన్నీ ఒకేచోట గుంపుగా పడుతున్నాయా అన్నదే ఆయన చూసేవారు. గుంపు పక్కకి పడితే రైఫిల్ మీద గురి చూసే సైట్‌ని తిప్పి సరిచేయొచ్చు. చెల్లాచెదురుగా పడితే భంగిమో, ఊపిరో, ట్రిగ్గర్ నొక్కే తీరో కుదరడం లేదన్నమాట.

ఇవన్నీ ఒక ఎత్తు, రైఫిల్ దించడం ఒక ఎత్తు. గురి చూస్తుంటే కొన్ని సెకన్లకే చెయ్యి వణుకుతుంది, చూపు మసకబారుతుంది. అప్పుడు కాల్చేయకుండా దించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తాలి. పిల్లలకి అన్నిటికన్నా కష్టమైనది అదే, ఎంతసేపూ ఆ ఒక్క దెబ్బ కాల్చేయాలనే ఉంటుంది. మీ బాబు ఎప్పుడైనా కాల్చకుండా దించితే ఆ రోజు ఇంటికొచ్చాక దాని గురించే మెచ్చుకోండి. మా అమ్మాయికి లెక్కల పరీక్షలో కూడా ఆ ఓపిక పనికొచ్చింది. ఒక లెక్క చిక్కుపడితే కంగారు పడకుండా పక్కనపెట్టి, తర్వాత మళ్లీ చేయడం నేను గమనించాను.

రైఫిల్ ఇప్పుడే కొనకండి. విదేశీ మ్యాచ్ రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి, క్లబ్బులో నేర్చుకునేవాళ్లకి వాళ్ల రైఫిళ్లే ఇస్తారు. కాల్చేటప్పుడు వేసుకునే జాకెట్ కూడా ఏడాదికే చిన్నదైపోతుంది, సీనియర్ల పాతది దొరుకుతుందేమో అడగండి. తర్వాతెప్పుడైనా సెకండ్ హ్యాండ్ రైఫిల్ కొంటే గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి. దానికి మామూలుగా పదేళ్లే గడువు, 200 బార్ దాకా భారీ ఒత్తిడితో గాలి నింపేది కాబట్టి గడువు దాటినది ముట్టుకోవద్దు. ఇంట్లో పెట్టుకునే రోజొస్తే రైఫిల్‌కి తాళం, పెల్లెట్లు వేరే గదిలో. మేడ మీద సీసాలు, పిట్టల మీద గురి చూడటం లాంటివి ఎవరు సరదాపడ్డా ఒప్పుకోకండి.

చేర్పించే ముందు ఒక సాయంత్రం ఊరికే వెళ్లి చూడండి. ఏ పిల్లాడైనా గొట్టం పక్కకి తిప్పితే కోచ్ లైన్ మొత్తం ఆపేస్తున్నారా, లేక నవ్వి వదిలేస్తున్నారా? ఆపేసే చోట చేర్పించండి, ఫీజు కాస్త ఎక్కువైనా సరే.