నొప్పిని మరవాలని నేను చూస్తుంటే, దాన్నే చూడమంటారేంటి?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది కొండపి దగ్గర పల్లె. వయసు 54. పొగాకు రైతును. నాలుగేళ్లుగా నడుము నొప్పి. ఎమ్మారై తీసి డిస్కు కొంచెం ఉబ్బిందన్నారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మాత్ర వేసుకున్న రోజు తగ్గుతుంది, మర్నాడు మామూలే. పోయిన సీజన్లో వేలంలో నావి మూడు బేళ్లు నోబిడ్ అయ్యాయి, కొనేవాళ్లెవరూ పాట పాడలేదు. ఆ మర్నాడు మంచం దిగలేకపోయాను. బెంగళూరులో ఉండే మా అమ్మాయి మైండ్‌ఫుల్‌నెస్ అని ఫోన్‌కి ఇంగ్లిషు ఆడియో పంపింది. పడుకుని కాలి వేళ్ల నుంచి తల దాకా ఒక్కో చోట మనసు పెట్టాలట. నాలుగు రోజులు చేశాను. రెండు రోజులు నిద్రపోయాను. రెండు రోజులు నడుము దాకా వచ్చేసరికి నొప్పి ఇంకా ఎక్కువైంది. ఇంట్లో నవ్వుతున్నారు. రాములవారి మీదే నిలవని మనసు నడుము మీద నిలుస్తుందా? ఇది నిజంగా పనికొస్తుందా? (పేరు వేయొద్దు)

జవాబు: పేరు వేయడం లేదు లెండి. మీ ఇంట్లోవాళ్లను నేనేమీ అనలేను, ఎనిమిదేళ్ల క్రితం నేనూ నవ్వాను. ఒంగోలులో ఇరవై ఆరేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. ఊపిరి చూసుకుంటూ కూర్చుంటే కీళ్లు కదులుతాయా అనేదాన్ని.

తర్వాత నా కుడి భుజమే పట్టేసింది. జడ వేసుకోవడానికి చెయ్యి లేచేది కాదు. పేషెంట్లకు చెప్పే వ్యాయామాలన్నీ నేనూ చేశాను. పగలు ఎలాగో గడిచేది, రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లవార్లూ సలుపే. ఒక స్నేహితురాలి పోరు పడలేక మీరు చేసిన బాడీ స్కానే మొదలుపెట్టాను. మూడో వారంలో ఒక సంగతి బయటపడింది. నొప్పి భుజంలో ఉంది, దవడ బిగిసి ఉంది. పళ్లు గట్టిగా కరుచుకుని ఉన్నాను. బాగున్న ఎడమ చెయ్యి కూడా పిడికిలి బిగించింది. ఊపిరి సగంలో ఆగింది. భుజం నొప్పికి దవడతో ఏం పని? దవడ వదిలాను, పిడికిలి వదిలాను. భుజం అలాగే సలిపింది, కానీ ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టింది.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది నోబిడ్ మాట. ఆ ఒక్క రోజులో డిస్కు మారిపోయి ఉంటుందని నేననుకోను. రాత్రంతా అప్పు లెక్కలు వేసుకుంటూ పడుకుంటే నడుము కండరాలు బిగుసుకునే ఉంటాయి, నిద్ర రాదు, నిద్రలేని ఒంటికి అదే నొప్పి పెద్దదిగా తెలుస్తుంది. అలాగని ‘అంతా నీ మనసులోనే ఉంది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మాట వింటే నాకు ఒళ్లు మంట. నొప్పి నిజమే. దాని వెంట వచ్చిన బలగంలో కొందరిని సాగనంపవచ్చు, అంతే.

మా మామగారు కూడా ఆకు కాల్చినవారే. పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రుళ్లు లేచి లేచి థర్మామీటరు చూసేవారు. వేడి ఎక్కువైందని దాన్ని తిట్టేవారు కాదు, చూడకుండా ముసుగు తన్నేవారూ కాదు. చూసి, మంట తగ్గించేవారు. నడుమును చూడమనడం అలాంటిదే. మీరు చూసిన తీరు వేరే అనిపిస్తోంది: తగ్గిందా, ఇప్పుడు తగ్గిందా అని. అలా అడిగిన ప్రతిసారీ లేదనే జవాబు వస్తుంది, ఒళ్లు ఇంకాస్త బిగుస్తుంది.

ఈ మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణను 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టారు. మందులతో తగ్గని దీర్ఘకాలపు నొప్పులవాళ్లు మొదట్లోనే అక్కడికి వచ్చారు. ఎనిమిది వారాలు, వారానికో క్లాసు, ఇంట్లో రోజూ ముప్పావు గంట సాధన. మూలం మాత్రం బౌద్ధుల ‘సతి’, అంటే ఎరుక. దొనకొండ వైపు చందవరం స్తూపం చూసినవాళ్లకు ఇది మరీ పరాయి సరుకేమీ కాదు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 342 మందిని చూశారు. ఆరు నెలలకు ఈ శిక్షణ ఇచ్చిన గుంపులో నూటికి అరవై మంది పనులు చేసుకోవడంలో మెరుగయ్యారు. మామూలు వైద్యంతోనే ఉన్నవాళ్లలో నూటికి 44 మంది. తేడా ఉంది, మహిమ లేదు. నాలుగు రోజులు చేసి తేల్చే విషయం మాత్రం కాదిది.

మీరు ముప్పావు గంట జోలికి పోకండి. పది నిమిషాలు చాలు. అన్నం తిన్నాక పడుకుని చేస్తే ఎవరికైనా నిద్రే, అందుకని పొద్దున కుర్చీలో కూర్చోండి. పడుకునే చేయాలనిపిస్తే మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. నడుము దగ్గరికి నేరుగా వెళ్లొద్దు. ముందు అరికాళ్లు నేలకు ఎలా ఆనాయో చూడండి, తర్వాత పిక్కలు, తొడలు. నడుము వచ్చాక దాని అంచుల్లో తిరగండి: పోటా, మంటా, లాగుడా? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది? భరించలేకపోతే వెంటనే అరికాళ్లకు వచ్చేయండి, కళ్లు తెరవండి, లేచి నడవండి. అదేం ఓటమి కాదు. మనసు పారిపోతుంది, పోనివ్వండి. పక్క చేలో పడ్డ గేదెను తోలుకొచ్చినట్టు తోలుకురండి. రాములవారి దగ్గరా జరిగేది అదే కదా. తోలుకురావడమే ఇక్కడ వ్యాయామం.

మందులు మీ అంతట మీరు ఆపొద్దు. నడకా, నేర్పిన వ్యాయామాలూ మానొద్దు. కాలు బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆడియోలు పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తండి. నడుము నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా డాక్టరుకు చూపించాల్సిందే. కళ్లు మూసుకున్నప్పుడు పాత భయాలో దుఃఖమో పొంగుకొస్తుంటే ఒంటరిగా చేయొద్దు, మానసిక వైద్యుల సలహా తీసుకోండి.

ఇంకొకటి. ఆ ఇంగ్లిషు గొంతు వెంట పోవడానికే మీకు సగం శ్రమ అయి ఉంటుంది. అదే మాటలు అమ్మాయినే తెలుగులో చెప్పి, రికార్డు చేసి పంపమనండి. మళ్లీ సీజన్లో వేలానికి బయలుదేరే పొద్దున ఒకసారి వినండి. అప్పుడు మీ దవడ ఎలా ఉందో నాకు రాయండి.